డిస్కు అరిగిందన్నారా? మంచం ఎక్కే ముందు ఇది చదవండి

పెదజాలారిపేట నుంచి ఒక చేపలమ్మ వచ్చింది. వయసు యాభై దాటింది. చంకలో ఎమ్మారై కవరు. దాన్ని బల్ల మీద పెట్టడానికి కూడా జంకుతోంది.

"బాబూ, డిస్కులు అరిగిపోనాయంట. గంప ఎత్తితే కాళ్ళు పడిపోతాయన్నారు. ఇంక నా యాపారం అయిపోనట్టేనా?"

నడుం నొప్పి మొదలై ఆరు వారాలు. అందులో నాలుగు వారాలు ఆవిడ మంచం దిగలేదు. నొప్పి రెండో వారానికే సగం తగ్గిందట. మిగతా రెండు వారాలు పడుకోబెట్టింది ఆ ఎమ్మారై కాగితం.

విశాఖలో ఫిజియోథెరపీ చేస్తూ ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఇదే. డిస్కు అరుగుదల కంటే ‘అరుగుదల’ అనే మాట ఎక్కువ మందిని మంచాన పడేసింది. కాబట్టి ఆవిడకి చెప్పిన వరుసలోనే మీకూ చెబుతాను. వరుస ముఖ్యం. మొదటిది దాటకుండా రెండోదానికి వెళ్ళొద్దు.

1. ముందు ప్రమాద సూచనలు లేవని తేల్చుకోండి

నడుం నొప్పుల్లో చాలా భాగం ప్రాణం మీదికి తెచ్చేవి కావు. కానీ కొన్నిటికి ఇలా చదువుతూ కూర్చునే టైమ్ ఉండదు.

మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం, లేదా తెలియకుండా పడిపోవడం. మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు, అంటే సైకిల్ సీటు తగిలే చోట తిమ్మిరెక్కడం. రెండు కాళ్ళలో బలం జారిపోవడం. వీటిలో ఏది కనిపించినా వెన్ను చివర ఉండే నరాల గుత్తి నొక్కుకుపోతోందేమోనని అనుమానించాలి. అప్పుడు లెక్క రోజుల్లో కాదు, గంటల్లో. అర్ధరాత్రయినా సరే కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి గానీ, న్యూరోసర్జన్ అందుబాటులో ఉన్న మరో పెద్దాసుపత్రికి గానీ వెళ్ళిపోవాలి. "పొద్దున్న ఓపీ చూసుకుందాంలే" అనుకోవద్దు.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. నడుస్తుంటే ఒక కాలి హవాయి చెప్పు తెలియకుండా జారిపోతూ ఉంటుంది. చెప్పు పాతబడిందనుకుని కొత్తది కొంటారు. అది పాదం పైకి లేపే నరం బలహీనపడిన గుర్తు కావచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ చూడాలి.

సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి ఉంటే మన దేశంలో మొదట గుర్తు రావాల్సింది వెన్నెముక టీబీ. దాన్ని డిస్కు నొప్పి అనుకుని నెలల తరబడి మాలిష్ చేయించుకుని వచ్చినవాళ్ళని చూశాను. టీబీకి మందులున్నాయి. ఆలస్యానికే మందు లేదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, చిన్నగా జారిపడ్డాక నడుం పట్టేసిన పెద్దవయసు ఆడవాళ్ళు కూడా ముందు డాక్టర్‌కి చూపించుకున్నాకే మిగతాది చదవాలి.

2. డిస్కు ఏమిటో తెలుసుకోండి

తాటి ముంజ తిన్నారుగా? లేత ముంజ వేలితో నొక్కితే కదులుతుంది, లోపల నీళ్ళు. వెన్నెముకలో రెండేసి ఎముకల మధ్య మెత్తలా ఉండేదే డిస్కు. దాని మధ్య భాగం ఆ ముంజ లాంటిదే. పుట్టినప్పుడు అందులో ఎనభై శాతానికి పైగా నీరే. దాని చుట్టూ పీచు పొరలు. నులక మంచం అల్లినట్టు ఒక పొర ఇటు ఏటవాలుగా, తర్వాతి పొర అటు ఏటవాలుగా ఉంటాయి. వెన్నెముకలో ఇలాంటి డిస్కులు 23. మొత్తం ఒంటి బరువు మోస్తూ ఎక్కువగా వంగేవి అడుగున ఉన్న రెండు. పైనా కిందా ఉన్న ఎముకల గుర్తులతో వీటిని ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అంటారు. రిపోర్టుల్లో అస్తమానం ఈ పేర్లే కనిపించడానికి కారణం అదే.

వయసు మీద పడేకొద్దీ ముంజ ముదిరినట్టు లోపలి నీరు తగ్గుతుంది, డిస్కు పలచబడుతుంది, బయటి పొరల్లో సన్నని చీలికలు వస్తాయి. మనవాళ్ళు దీన్నే "గ్యాప్ వచ్చింది" అంటారు. నిజానికి జరిగింది దానికి తలకిందులు. రెండు ఎముకల మధ్య ఉన్న ఖాళీ తగ్గింది. ఈ ఒక్క మాట సరిదిద్దితే చాలు, ఎముకలు విడిపోతున్నాయన్న భయం సగం మందికి పోతుంది.

మరి నొప్పి ఎక్కడి నుంచి? లోపలి జెల్లీకి నరాలు లేవు. బయటి పొరల్లో ఉన్నాయి. చీలిక అక్కడిదాకా వస్తే, వాపు రసాయనాలు చేరితే నొప్పి పుడుతుంది. చీలిక వెంట కొత్తగా సన్నని నరాలు లోపలికి పెరగడమూ ఉంది. డిస్కు పలచబడితే వెనకున్న చిన్న కీళ్ళ మీద భారం పడి అవీ నొప్పెట్టొచ్చు. జెల్లీ వెనక్కి పొడుచుకొచ్చి పక్కనున్న నరాన్ని రేపితే కాల్లోకి లాగుతుంది, అదే సయాటికా.

పెద్దవాళ్ళ డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. దానికి తిండి పైనా కిందా ఉన్న ఎముకల గుండా ఊరుతూ రావాలి. ఒత్తిడి పడినప్పుడు నీరు బయటికి పోతుంది, ఒత్తిడి తీసేస్తే లోపలికి వస్తుంది. రాత్రంతా పడుకుంటే నీరు పట్టి ఉబ్బుతుంది. అందుకే పొద్దున్న మనం సాయంత్రం కన్నా ఒక సెంటీమీటరు అటూ ఇటుగా ఎక్కువ ఎత్తు ఉంటాం. అలా బిగుతుగా ఉన్న డిస్కుని లేచీ లేవగానే బాగా వంచితే దాని మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. నిద్ర లేచిన మొదటి గంటలో నడుం వంచి కల్లాపి చల్లడం, ముగ్గు వేయడం, బకెట్లు ఎత్తడం మానండి. టీ తాగి, కాసేపు ఇంట్లో తిరిగాక చేయండి. ఈ ఒక్క మార్పుతో తేడా కనిపించిందని చెప్పినవాళ్ళు నాకు చాలామందే ఉన్నారు.

3. రిపోర్టు చదవడం

కాలికి లాగడం, బలం తగ్గడం, పైన చెప్పిన ప్రమాద సూచనలు ఏవీ లేకుండా నడుం ఒక్కటే నొప్పెడుతుంటే మొదటి ఆరు వారాల్లో ఎమ్మారై వల్ల చికిత్స మారేది తక్కువ. అయినా చాలామంది తీయించుకునే వస్తారు. సరే, తీయించారు కాబట్టి చదువుదాం.

డెసికేషన్ అంటే నీరు తగ్గింది. బల్జ్ అంటే డిస్కు అంచు కొంచెం చుట్టూ ఉబ్బింది. ప్రోట్రూజన్ అంటే ఒక చోట పొడుచుకొచ్చింది. ఎక్స్‌ట్రూజన్ అంటే జెల్లీ పొర దాటి బయటికొచ్చింది. ఆస్టియోఫైట్ అంటే ఎముక అంచున పెరిగిన ముక్కు. ఎక్స్‌ట్రూజన్ అన్న మాట అన్నిటికన్నా భయపెడుతుంది గానీ, అలా బయటికొచ్చిన ముక్కనే ఒళ్ళు పరాయి వస్తువులా చూసి కరిగించేస్తుంది. మామూలు బల్జ్ కన్నా అదే తొందరగా చిన్నదవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. 2015లో 33 అధ్యయనాలు కలిపి, నడుం నొప్పి లేని 3,110 మంది స్కాన్లు చూశారు. నొప్పి లేనివాళ్ళవే, గమనించండి. ఇరవై ఏళ్ళ వయసులో 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. యాభైకి 80 శాతం. ఎనభైకి 96 శాతం. అంటే యాభై ఏళ్ళ మనిషికి రిపోర్టులో అరుగుదల రాకపోతేనే వింత. నెత్తి మీద తెల్లవెంట్రుకలు లెక్కపెట్టి తలనొప్పికి కారణం అదేనంటే నవ్వుతామా లేదా?

అలాగని అరుగుదలకీ నొప్పికీ సంబంధమే లేదనడమూ తప్పే. నొప్పి ఉన్నవాళ్ళలో ఈ మార్పులు కాస్త ఎక్కువే కనిపిస్తాయి. ఫలానా మనిషికి ఫలానా డిస్కు వల్లే నొప్పి అని ఫొటో ఒక్కటీ చూసి తేల్చలేం, అంతే.

"గంపలు మోసి మోసి అరిగింది" అని చేపలమ్మ తనని తానే తిట్టుకుంది. ఫిన్లండ్‌లో కవలల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఒకరు బరువు పని, ఇంకొకరు కూర్చునే పని చేసిన జంటల్లో కూడా డిస్కుల మధ్య తేడా అనుకున్నంత లేదు. ఎక్కువ వాటా అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులదే అని తేలింది. పొగతాగడం, ఒంటి బరువు కూడా కొంత కలుస్తాయి. గంప మీద నేరం మోపడానికి ఆధారం తక్కువ.

4. మీ నొప్పి ఏ రకమో మూడు రోజులు చూడండి

ఒక నోటు పుస్తకం తీసుకుని ఏ పని చేస్తే పెరిగింది, ఏం చేస్తే తగ్గింది రాయండి. కూర్చుంటే, వంగితే, దగ్గితే పెరిగి, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది ఎక్కువగా డిస్కు తరహా. పిర్ర నుంచి మోకాలు దాటి పాదం దాకా కరెంటు షాక్‌లా లాగితే నరం రేగింది. పూర్ణా మార్కెట్‌లో పది నిమిషాలు నడవగానే రెండు కాళ్ళూ బరువెక్కి, బండి మీద చేతులు ఆనించి ముందుకి వంగితేనో, అరుగు మీద కూర్చుంటేనో తేలికపడితే నరాల దారి ఇరుకైందని అనుమానం. ఇది అరవై దాటినవాళ్ళలో ఎక్కువ, దీనికి వెనక్కి వంగే వ్యాయామాలు పడవు.

కాలికి లాగేవాళ్ళు వారానికోసారి ఇంట్లోనే చూసుకోవాల్సినవి రెండున్నాయి. గోడ పట్టుకుని మడమల మీద పదడుగులు, తర్వాత ఒక్కో కాలి ముని వేళ్ళ మీద పదిసార్లు లేవడం. పోయిన వారం చేయగలిగింది ఈ వారం చేయలేకపోతే, నొప్పి తగ్గినా సరే, డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. నొప్పి తగ్గి బలం పోవడం మంచి వార్త కాదు.

5. మొదటి రెండు వారాలు

పూర్తిగా పడుకోవడం ఒకటి రెండు రోజులు మించొద్దు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళ కింద రెండు తలగడలు, లేదా పక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య ఒక తలగడ పెట్టుకోండి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా ముందు పక్కకి దొర్లి, కాళ్ళు కిందికి జార్చి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి. వేడినీళ్ళ బ్యాగు పదిహేను నిమిషాలు హాయినిస్తుంది. గంటకోసారి లేచి ఇంట్లో తిరగండి.

మందుల దగ్గర కొంచెం ఆగుతాను. పారాసెటమాల్ ఒక్కటే నడుం నొప్పికి పెద్దగా పనిచేయదని తేలింది. డైక్లోఫెనాక్ లాంటి వాపు తగ్గించే నొప్పి బిళ్ళలు కొంత పనిచేస్తాయి. కానీ కడుపు, బీపీ, గుండె, అన్నిటికన్నా కిడ్నీలు చూసుకోవాలి. విశాఖలో నా దగ్గరకి వచ్చేవాళ్ళలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు బోలెడుమంది. ఆ జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుదేలు చేసిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. సోంపేట, కవిటి, పలాస వైపు మూలాలున్నవాళ్ళు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించకుండా ఈ బిళ్ళలు వేసుకోవద్దు. మెడికల్ షాపులో "నొప్పికి ఏదో ఒకటివ్వండి" అని అడగడం, ఆర్ఎంపీ దగ్గర రోజూ సూది వేయించుకోవడం అసలే వద్దు. ఇక నరాల మందని రాసే ప్రీగాబలిన్ రకాలు ఉత్త నడుం నొప్పికి పనిచేస్తాయని రుజువు లేదు. 2017లో సయాటికా మీద జరిగిన మంచి అధ్యయనంలోనూ అది ఉత్తుత్తి బిళ్ళ కన్నా మెరుగ్గా పనిచేయలేదు, తలతిరుగుడు మాత్రం మిగిలింది.

బెల్టు? దూర ప్రయాణానికి, తప్పని పనికి గంటా రెండు గంటలు పెట్టుకోండి. మన ఉక్కపోతలో రోజంతా పెట్టుకుంటే చెమటకాయలు తప్ప ఒరిగేదేం లేదు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో నడుం తొక్కించుకోవడం గురించి కూడా అడుగుతారు. కండరం పట్టేసిన నొప్పి ఎలాగూ నాలుగైదు రోజుల్లో తగ్గేదే కాబట్టి ఆ పుణ్యం తొక్కినవాళ్ళ ఖాతాలో పడుతోంది. ఎముకలు గుల్లబారిన మామ్మని మాత్రం ఎవరి చేతా తొక్కించకండి.

6. నడక

నాకు బాగా ఇష్టమైన మందు ఇదే. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. నడుం నొప్పి తగ్గినవాళ్ళలో కొందరికి మెల్లమెల్లగా నడక పెంచుకుంటూ వెళ్ళే పద్ధతి నేర్పారు. గురి వారానికి ఐదు రోజులు, రోజుకి అరగంట. నొప్పి తిరగబెట్టడానికి వాళ్ళకి సగటున 208 రోజులు పట్టింది. ఏ సాయం అందనివాళ్ళకి 112 రోజులే.

మొదట ఐదు నిమిషాలు. ఒంటికి పడితే రెండు మూడు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచండి. పొద్దున పూట బళ్ళు ఆపేసే బీచ్ రోడ్డు దీనికి బాగా పనికొస్తుంది, శివాజీ పార్కు కూడా. ఇసుకలో నడవడం మొదట్లో వద్దు. పొడి ఇసుకలో మడమ దిగబడుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలి ఉండటంతో ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. అరగంట అలా నడిస్తే నడుం ఒక పక్కకి లాగుతుంది. రెండు నెలలయ్యాక సరదాకి నడవండి. ఊళ్ళో ఎత్తుపల్లాల వీధులు, కైలాసగిరి మెట్లు కూడా అప్పుడే.

ఏటా ఆషాఢ పౌర్ణమి వెళ్ళగానే నా దగ్గర రద్దీ పెరుగుతుంది. ఏడాదంతా వీధి చివరిదాకా కూడా స్కూటీ మీదే వెళ్ళి, ఆ రోజు మాత్రం సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడిచేస్తారు. అప్పన్న మీద భక్తి సరే, మూడు నెలల ముందు నుంచి కాళ్ళు అలవాటు చేసుకుంటే స్వామి వద్దంటాడా?

7. బలం పెంచే వ్యాయామాలు

నొప్పి సగానికి దిగాక మొదలుపెట్టండి. చాప మీద చాలు.

వంతెన: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు బిగించి నడుం పైకెత్తాలి. పది లెక్కపెట్టి దించాలి. ఆరుసార్లు.

ఎదురు చేయి, ఎదురు కాలు: చేతులు, మోకాళ్ళ మీద ఆవులా నిలబడి కుడి చేయి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపాలి. వీపు మీద నీళ్ళ గ్లాసు పెడితే ఒలకనంత నిలకడ ఉండాలి. పక్కకోసారి, ఒక్కో పక్క ఆరుసార్లు.

బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం: ఇది అందరికీ కాదు. చేస్తుంటే కాల్లో నొప్పి పైకి జరిగి నడుంలోకి వస్తే మంచి గుర్తు, నడుంలో కాస్త ఎక్కువైనా సరే. కాల్లోకి ఇంకా కిందికి దిగితే వెంటనే ఆపేయాలి.

వీటన్నిటికన్నా రోజంతా అక్కరకొచ్చేది వంగడం నేర్చుకోవడం. ఇల్లు తుడిచే మాప్ కర్ర తీసుకుని వెన్ను వెంట నిలువుగా పట్టుకోండి. తల వెనక, వీపు మీద, పిర్రల మధ్య ఎముక మీద, మూడు చోట్లా కర్ర తగలాలి. ఇప్పుడు మోకాళ్ళు కొద్దిగా మడిచి, వెనక ఉన్న తలుపుని పిర్రలతో మూస్తున్నట్టు వెనక్కి జరుగుతూ వంగండి. కర్ర మూడు చోట్లా తగులుతూనే ఉంటే నడుం కాదు, తుంటి వంగుతోందన్నమాట. పదేసి సార్లు, రోజుకి రెండు పూటలా. వారంలో ఒళ్ళు నేర్చేసుకుంటుంది.

తర్వాత కర్ర పక్కన పెట్టి బరువుకి రండి. ముందు ఐదు కిలోల బియ్యం సంచి, తర్వాత పది. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు ముప్ఫై కిలోలుంటుంది, దాన్ని చివరిదాకా ఎత్తక్కర్లేదు, అంచు మీద దొర్లించుకోవచ్చు.

ఎంత నొప్పి ఓర్చుకోవచ్చు? చేస్తున్నప్పుడు పదికి మూడు, నాలుగు దాకా ఫర్వాలేదు. మర్నాటికి మామూలు స్థాయికి వచ్చేయాలి. రాకపోతే మానేయొద్దు, సగానికి తగ్గించండి.

8. కుర్చీ, బండి

కూర్చునే భంగిమల గురించి బోలెడు చెబుతారు. నా లెక్కలో ఏ భంగిమా చెడ్డది కాదు, గంటల తరబడి అదే భంగిమలో ఉండిపోవడమే చెడ్డది. అరగంటకోసారి లేవండి. గాజువాక నుంచి ఊళ్ళోకి రోజూ బైకు మీద తిరిగేవాళ్ళు స్పీడ్ బ్రేకర్ దగ్గర పిర్రలు కొద్దిగా లేపి, బరువు కాళ్ళ మీద వేయండి. సిగరెట్ మానండి.

9. ఇంజెక్షన్, ఆపరేషన్

కాలి నొప్పి భరించలేనంతగా ఉండి ఆరు నుంచి పన్నెండు వారాలైనా తగ్గకపోతే, లేదా కాలి బలం తగ్గుతూ వస్తుంటే సర్జన్‌ని కలవాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి కొన్ని వారాల ఊరట ఇస్తుంది. పొడుచుకొచ్చిన ముక్క తీసేసే ఆపరేషన్ కాలి నొప్పిని తొందరగా తగ్గిస్తుంది. ఆగినవాళ్ళూ ఏడాది తిరిగేసరికి దాదాపు అదే స్థాయికి చేరుతున్నారని 2007లో నెదర్లాండ్స్‌లో తేల్చారు. కాబట్టి బలం తగ్గనంత వరకు తొందర కావాలా, ఆగగలరా అన్నది మీ ఇష్టం.

ఉత్త నడుం నొప్పికి అరిగిన డిస్కు తీసి స్క్రూలు బిగించడం వేరే సంగతి. పద్ధతిగా చేసిన వ్యాయామ చికిత్స కన్నా అది ఎంతో మెరుగని గట్టి రుజువు లేదు. అలా చెప్పిన చోట ఆగి, ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి. కేజీహెచ్‌లో ఆర్థో, న్యూరోసర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. "నాకు తగ్గాల్సింది కాలి నొప్పా, నడుం నొప్పా? చేయించుకోకపోతే ఏమవుతుంది?" ఈ రెండూ అడగండి. "గ్యాప్ నింపేస్తాం" అనే ప్రకటనల జోలికి వెళ్ళొద్దు. అరిగిన డిస్కుని మళ్ళీ లేత ముంజలా చేసే సూది ఇప్పటిదాకా రాలేదు.

10. మళ్ళీ పట్టేస్తే

పడుతుంది. నడుం నొప్పికి తిరగబెట్టే గుణం ఉంది. పట్టేసిన రోజు మొదట ఒకటో అంశం మళ్ళీ చదవండి. అవేవీ లేకపోతే ఎమ్మారైకి పరిగెత్తకుండా ఐదో అంశం నుంచి మొదలుపెట్టండి. రెండోసారి కాబట్టి దారి తెలుసు, తొందరగా దాటుతారు.

చేపలమ్మకి నాలుగో నెలలో ఒకసారి పట్టేసింది. ఈసారి రెండు రోజులే పడుకుంది. మూడో రోజు ఫోన్ చేసి, గంప పాతదే గానీ ఇప్పుడు నేల మీంచి ఎత్తట్లేదని, ఆటో వెనక పలక మీద పెట్టించి అక్కడి నుంచి నెత్తికెత్తించుకుంటున్నానని చెప్పింది. ఆ కిటుకు నేను చెప్పింది కాదు.